ఆయ్ అంటే అర్థమైనట్టేనా?

మా బ్యాంకులో అప్పు తీసుకున్న మనిషి ఎవరైనా సరే, ఇకమీదట "నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు" అనడానికి వీల్లేదు. ఆ వీలు లేకుండా చేసినవాణ్ణి నేనే. నా పేరు ములుకుట్ల కామేశం. లోకోపకార పరపతి బ్యాంకు, కోనసీమ బ్రాంచిలో వెల్లడి అధికారిని. అప్పు ఇచ్చేవాణ్ణీ కాదు, వసూలు చేసేవాణ్ణీ కాదు. అప్పంటే ఏమిటో తీసుకోబోయేవాళ్ళకి చెప్పేవాణ్ణి. నేను చెప్పడం మొదలుపెట్టాక మా బ్రాంచిలో అప్పు తీసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు గానీ, అది వేరే విషయం.

దీనికంతటికీ మూలం ఒక ఫ్రిజ్. ఎక్కడో వేరే జిల్లాలో ఒకాయన మా బ్యాంకు అప్పుతో ఫ్రిజ్ కొని, వాయిదా ఆలస్యమైతే జరిమానా పడుతుందని తనకెవరూ చెప్పలేదంటూ వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాడు. చెప్పామన్నారు మావాళ్ళు. రుజువేదీ అని కమిషన్ అడిగింది. సంతకం చూపించారు. ఆయన సంతకం పెట్టాడనడానికి ఇది రుజువు, మీరు చెప్పారనడానికి కాదు అని మా బ్యాంకు చేత డబ్బు కట్టించారు. న్యాయమైన మాటే. ఎవరైనా అయితే "అవునూ, ఇకనుంచి కాస్త అర్థమయ్యేలా చెబుదాం" అనుకుని ఊరుకుంటారు. మా హెడ్డాఫీసు ఊరుకునే రకం కాదు.

వారం తిరక్కుండా హైదరాబాదులో సంపూర్ణ వెల్లడి విభాగం పుట్టింది. దానికి జనరల్ మేనేజరు పరాంకుశం గారు. ఆయన రాష్ట్రంలోని బ్రాంచీలన్నిటినీ వీడియోలో కూర్చోబెట్టి గంటన్నర మాట్లాడారు.

"మిత్రులారా, వెల్లడి అనేది ఒక కాగితం కాదు. ఒక జీవన విధానం. రుణగ్రహీత నుంచి మనం ఆశించేది సంతకం కాదు. అవగాహనాపూర్వక, స్వచ్ఛంద, సశబ్ద సమ్మతి. ప్రతి నిబంధనా చదివి వినిపించాలి. ప్రతి నిబంధనకీ ఆయన నోటితో సమ్మతి పలకాలి. అదంతా రికార్డు కావాలి."

ఇంగ్లీషు పత్రం వచ్చింది. దాన్ని తెలుగు చేసే పని నాకు పడింది. ఒకప్పుడు మాతృభాషా వారోత్సవాల్లో వ్యాసరచనలో నాకు మొదటి బహుమతి వచ్చింది. స్టీలు టిఫిన్ క్యారేజీ ఇచ్చారు. ఆ సంగతి బ్యాంకులో అందరికీ గుర్తుండేలా నేనే చూసుకున్నాను, అనుభవించాల్సి వచ్చింది.

ఇంగ్లీషులో ముప్ఫై నిబంధనలు. నేను పూర్తి చేసేసరికి నూట పన్నెండయ్యాయి. తప్పు నాది కాదు. నేను వాడిన ప్రతి మాటకీ నిర్వచనం ఇవ్వాల్సి వచ్చింది, నిర్వచనంలో వాడిన మాటలకి మళ్ళీ నిర్వచనం. వడ్డీ సంగతి చెప్పే డెబ్బై మూడో నిబంధన మీద మాత్రం రెండు రోజులు కూర్చున్నాను. అది ఇలా వచ్చింది: "ఇందుమూలముగా రుణగ్రహీతకు తెలియజేయునదేమనగా, తరుగు శేష పద్ధతిన లెక్కింపబడు ప్రభావిత వార్షిక వ్యయము, అనుబంధము 'ఇ' యందు నిర్వచింపబడిన ఆనుషంగిక రుసుములు మినహా, కాలానుగుణ సవరణలకు లోబడి, ద్వాదశ శాతమునకు మించనిదై యుండును."

చదువుకుంటే నాకే ఒళ్ళు పులకరించింది. సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి వినిపించాను. ఆవిడ వంటింట్లోంచే "ఎవరి తద్దినమండీ?" అంది. సాహిత్యాభిరుచి లేని మనిషి.

ఈ పత్రం కింద మొదటగా వచ్చినావిడ కుడుపూడి మంగాయమ్మ. యాభై దాటిన మనిషి. వీధరుగు మీద పొట్టిక్కలు అమ్ముతుంది. పనసాకులతో బుట్టలు కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్క. ఆవిడ చేతి పొట్టిక్క తిన్నవాడు మళ్ళీ ఇడ్లీ జోలికి వెళ్ళడు. ఆవిడకి హైవే మీద హోటలు వాళ్ళు పెద్ద బేరం ఇచ్చారు. కార్తీకమాసం మొదటి సోమవారం నుంచి రోజూ బస్తాడు పొట్టిక్కలు వేయాలి. వేయలేకపోతే పాలకొల్లు నుంచి వేరే ఎవరినో తెచ్చుకుంటామన్నారు. అంత పిండి రుబ్బురోట్లో రుబ్బడం మనిషి వల్ల కాదు. పెద్ద గ్రైండరు కావాలి. గ్రైండరుకి నలభై వేలు కావాలి.

"ఇచ్చేద్దామండి కామేశం గారూ" అన్నారు మా మేనేజరు రత్నరాజు గారు. "ఎగ్గొట్టే మనిషి కాదు. గబగబా చదివేసి పంపించండి."

గబగబా చదవడం నా వృత్తి ధర్మానికి విరుద్ధం. దసరా వెళ్ళిన మర్నాడు మంగాయమ్మని ఎదురుగా కూర్చోబెట్టి, రికార్డింగు మిషను నొక్కి, గొంతు సవరించుకున్నాను. మొదటి నిబంధన చదివి ఆవిడ వంక చూశాను.

"ఆయ్" అంది మంగాయమ్మ.

కోనసీమలో పుట్టినవాడికి ఆ మాట గురించి చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వినే మనిషి మర్యాదగా ఆయ్ అంటాడు. ఔనన్నా ఆయే, చిత్తమన్నా ఆయే. నేను రెండో నిబంధన చదివాను. ఆయ్ అంది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటేదాకా నేను చదువుతూనే ఉన్నాను, ఆవిడ అంటూనే ఉంది. ఆఖరి ఆయ్ అయ్యాక మంగాయమ్మ లేచి నాకో గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"చాలా బాగా చదివారండి. గొంతెండిపోయుంటాది, తాగండి. డబ్బులు ఇయ్యాలే ఇచ్చేత్తారాండీ?"

"రికార్డు హైదరాబాదు వెళ్ళి రావాలమ్మా. రెండు రోజులు."

రెండు రోజులకి జవాబొచ్చింది. "సదరు ధ్వనిముద్రణను విభాగము సాంతము ఆలకించినది. ప్రతి నిబంధన పిదప రుణగ్రహీత బాధతో మూలుగుచున్నట్లు తోచుచున్నది. ఇది నిర్బంధ సమ్మతిగా పరిగణింపబడు ప్రమాదము కలదు. వెంటనే రుణగ్రహీతను దృశ్యమాధ్యమమున హాజరుపరచవలెను."

హాజరుపరిచాను. తెర మీద పరాంకుశం గారు, పక్కన న్యాయ సలహాదారు, వెనకాల బ్యాంకు జెండా. మంగాయమ్మ తెరకి నమస్కారం పెట్టింది.

"అమ్మా, నిర్భయంగా చెప్పండి. మీకేమైనా నొప్పిగా ఉందా?" అన్నారు పరాంకుశం గారు.

"మరేనండి. కుడి భుజం లాగేత్తందండి. రుబ్బీ రుబ్బీ."

న్యాయ సలహాదారు ఏదో రాసుకున్నాడు.

"పోనీ, ఇది చెప్పండి. కామేశం గారు చదివిన నిబంధనలు మీకు అర్థం కాలేదా?"

"ఆయ్."

"ఆయ్ అంటే? అర్థం కాలేదనా? అయిందనా?"

"ఆయ్. మీరెలాగంటే అలాగేనండి."

తెర మీద ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. మా అప్పు అక్కడే ఆగిపోయింది. మంగాయమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుని "నేనేవన్నా తప్పు మాటాడానాండీ?" అంది. లేదమ్మా అన్నాను. ఆవిడ మర్యాదే ఆవిడకి అడ్డమైందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. 'ఆయ్' అను పదము యొక్క న్యాయపరమైన స్వభావముపై స్థానిక భాషాభిజ్ఞుడైన శ్రీ కామేశం సమగ్ర నివేదిక సమర్పించవలెనట. భాషాభిజ్ఞుడు అన్న మాట చూసి నేను మంగాయమ్మ సంగతి పూర్తిగా మర్చిపోయాను. ఏం చెయ్యను, టిఫిన్ క్యారేజీ తరవాత నాకు జరిగిన సన్మానం అదొక్కటే. సెలవు పెట్టి మరీ రాశాను. వింటున్నానని చెప్పే ఆయ్, వినడం లేదు గానీ మీరు పెద్దవారు అని చెప్పే ఆయ్, మీ మాట తప్పే గానీ మీ ఇంట్లో కూర్చుని కాదనలేను అనే ఆయ్, భోజనానికి లేవమని మూడోసారి పిలిచినప్పుడు మొహమాటంగా అనే ఆయ్. అన్నిటికీ ఉదాహరణలిచ్చాను. ముగింపులో, కోనసీమ నాగరికత యావత్తూ ఈ రెండక్షరాల మీద నిలబడి ఉందని కూడా రాశాను.

నివేదిక చదివి పరాంకుశం గారు స్వయంగా ఫోన్ చేశారు.

"అద్భుతం కామేశం గారూ. మీరు నిరూపించారు. ఆయ్ అనేది మర్యాదే తప్ప అవగాహన కాదు. కనక ఇకమీదట అది చెల్లదు."

నేను నిరూపించదల్చుకున్నది అదేనో కాదో నాకు గుర్తు లేదు. ఆయన మెచ్చుకుంటుంటే "ఆయ్" అన్నాను.

ఇక రుణగ్రహీత ఒకే ఒక్క ఆమోదిత వాక్యం పలకాలి: "నాకు సంపూర్ణముగా, నిస్సందేహముగా అవగతమైనది." ఈ వాక్యం కూడా నేనే తయారుచేసి పెట్టాను. మంగాయమ్మని మళ్ళీ పిలిపించి, చదవడానికి ముందు ఆ వాక్యం నేర్పడానికి కూర్చున్నాను.

"నాకు సంపూర్ణంగా, నిస్సందేగంగా..."

"నిస్సందేహంగా."

"ఆయ్. నిస్సందేహంగా అవతలైనది."

"అవగతమైనది అమ్మా."

"తెలిసిందండి అంటే సరిపోదాండీ? అది నాకొచ్చు."

"సరిపోదమ్మా. ఆ మాట ఆమోదిత జాబితాలో లేదు."

పాపం, ఆవిడ పట్టుదల మనిషి. పనసాకులు కుట్టుకుంటూ ఇంట్లో వల్లె వేసిందట. మూడో రోజుకి పట్టేసింది. రెండోసారి నూట పన్నెండూ చదివాను. నూట పన్నెండుసార్లూ తడుముకోకుండా అంది. ఆఖర్న మేనేజరు రత్నరాజు గారు చప్పట్లు కొట్టారు. నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి, పిల్లాడికి అక్షరాభ్యాసం చేయించినట్టనిపించింది. మంగాయమ్మ మాత్రం చేతిసంచీ సర్దుకుంటూ "గ్రైండరు షాపులో చెప్పెయ్యమంటారాండీ?" అంది.

"తొంభై తొమ్మిదో నిబంధన ప్రకారం మూడు రోజులు పునరాలోచన వ్యవధి ఉందమ్మా. అప్పు తీసుకోవాలా వద్దా అని మీరు ఆలోచించుకోవాలి."

"నేను ఆలోచించుకునే వచ్చానండి."

"మళ్ళీ ఆలోచించుకోవాలి. మీ మంచికే."

ఆ మూడు రోజుల్లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. వెల్లడికి ఖర్చవుతోంది. నా జీతం, కరెంటు, రికార్డింగు, మంచినీళ్ళు. పారదర్శకత ఉచితంగా లభిస్తే రుణగ్రహీత దాని విలువను గ్రహింపజాలడు గనక, చదివినందుకు చదివినప్పుడల్లా రెండు వందల యాభై రూపాయలు వెల్లడి రుసుము వసూలు చేయాలన్నారు. సరే, చేర్చాం. చేర్చగానే అప్పు మొత్తం ఖర్చు మారింది. ఖర్చు మారితే పత్రం మారినట్టు. మారిన పత్రాన్ని మళ్ళీ మొదట్నుంచీ చదవాలి. చదివితే మళ్ళీ రెండు వందల యాభై. రుసుము పడితే మళ్ళీ ఖర్చు మారుతుంది. మళ్ళీ చదవాలి. ప్రతి చదువు తరవాతా మూడు రోజుల పునరాలోచన.

ఈ చిక్కు బ్యాంకు మొత్తం మీద మొదట కనిపెట్టింది నేనే. భయపడుతూ పరాంకుశం గారికి ఫోన్ చేసి, ఈ లెక్కన చదవడం ఎప్పటికీ ఆగదు సార్ అన్నాను.

"అదే కదా మనం కోరుకున్నది" అన్నారాయన. "వెల్లడి ఒక గమ్యం కాదు కామేశం గారూ. నిరంతర ప్రక్రియ."

మూడోసారి చదివాను. రుసుము కలిపి పత్రం మార్చి, వ్యవధి అయ్యాక నాలుగోసారి చదివాను. నాలుగోసారికి మంగాయమ్మ నాకంటే ముందు ఆమోదిత వాక్యం అనేసి, నేను నిబంధన చదవడం కోసం ఎదురుచూస్తోంది. దీపావళి వచ్చి వెళ్ళింది. కార్తీకమాసం మొదలైంది. శుక్రవారం నాడు మంగాయమ్మ నా బల్ల దగ్గర నిలబడింది.

"అయ్యగారూ, సోమారానికి మిషను రాకపోతే ఆ హోటలాయన పాలకొల్లు వాళ్ళకి ఇచ్చేత్తానన్నాడండి. నేను బతిమాలుకున్నానండి. మీరు కాత్త పెద్దాయనతో మాటాడండి."

"మొన్న చదివినదానికి పునరాలోచన రేపటితో అయిపోతుందమ్మా. కానీ మొన్నటి రుసుము కలిపి కొత్త పత్రం తయారైంది. అది సోమవారం చదువుదాం."

"సోమారం చదువుతారాండీ?"

"ఇదంతా మీ రక్షణ కోసమేనమ్మా. ఎవరూ మిమ్మల్ని మోసం చెయ్యకుండా."

ఆవిడ కాసేపు కుర్చీలో కూర్చుంది. ఏదో అంటుందేమో అని మిషను నొక్కి ఉంచాను. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. సశబ్ద సమ్మతి లభించలేదని ఫైల్లో రాసి, తేదీ వేశాను.

ఆ నెలలోనే హెడ్డాఫీసు నుంచి పిలుపు వచ్చింది. సంపూర్ణ వెల్లడి పద్ధతి వచ్చాక రాష్ట్రం మొత్తం మీద ఒక్క ఫిర్యాదు కూడా లేని బ్రాంచి మాదేనట. అప్పు తీసుకున్నవాడుంటే కదా ఫిర్యాదు చెయ్యడానికి అని రత్నరాజు గారు గొణిగారు గానీ, ఆయనకి మొదటినుంచీ నా ఎదుగుదల చూస్తే కాస్త కడుపుమంట. హైదరాబాదులో వేదిక మీద పరాంకుశం గారు నాకు శాలువా కప్పారు. "రుణం ఇవ్వడం ఎవరైనా చేస్తారు. వెల్లడించడం కామేశం గారే చెయ్యగలరు" అన్నారు. ఫోటోలు తీశారు.

తిరుగు ప్రయాణంలో బస్సు తెల్లవారుతూనే హైవే మీద హోటలు దగ్గర ఆగింది. దిగి, శాలువా తీసేస్తే నలుగుతుందని భుజాల మీదే ఉంచుకుని, పొట్టిక్కలు చెప్పాను. ఆకుబుట్ట విప్పి ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే ఎవరి చెయ్యో తెలిసిపోయింది. తలెత్తి చూస్తే, పొట్టిక్కలు దింపి వడ్డనకీ నిలబడినట్టుంది, మంగాయమ్మే చట్నీ గిన్నె పట్టుకుని వస్తోంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆవిడ బేరం పోలేదు.

"గ్రైండరు కొన్నారామ్మా?"

"కొన్నానండి. ఆ శుక్రారమే తాతబ్బాయి ఇచ్చాడండి."

తాతబ్బాయి మాకు తెలియనివాడు కాదు. మా బ్యాంకు ఎదురుగా టీ కొట్టు దగ్గర మోటారుసైకిలు మీద కూర్చుని వారం వడ్డీలకి డబ్బు తిప్పుతుంటాడు. మా మెట్లు దిగినవాళ్ళు ఆయన బండి దగ్గర ఆగుతారు.

"అతను మీకేమైనా చదివి వినిపించాడా?"

"ఏం చదవలేదండి. వారానికి నూటికి ఐదు, ఒక్క వారం తప్పినా గ్రైండరు పట్టికెళ్తానన్నాడండి. అంతేనండి. చెప్పగానే తెలిసిపోయింది. డబ్బు చేతిలో పెట్టేశాడండి."

నేను ముద్ద మింగి లెక్క వేశాను. వారానికి రెండు వేలు.

"ఎలా కడుతున్నారమ్మా?"

"ఇక్కడొచ్చింది వచ్చినట్టు ఆయనకే పోతందండి. అసలు అసలులాగే ఉంది. ఏం చేత్తాం. భుజం మటుకు కాత్త నెమ్మదించిందండి." గిన్నె బల్ల మీద పెట్టి, ఇన్నాళ్ళకి ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "ఇంతకీ మీ బ్యాంకులో ఎంతండీ వడ్డీ?"

నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ రికార్డయింది. అయినా అడిగింది గనక చెప్పాను.

"నూటికి రూపాయి అమ్మా. చదివిన కూలి కలుపుకుంటే రూపాయి పావలా."

"వారానికాండీ?"

"నెలకి."

మంగాయమ్మ మొహంలో రంగు మారింది. పక్క బల్లవాళ్ళు చట్నీ అని పిలుస్తున్నా కదల్లేదు.

"నెలకా" అంది నెమ్మదిగా. "మరి ఆ ముక్క చెప్పలేదేంటండీ?"

"చెప్పామమ్మా. డెబ్బై మూడో నిబంధనలో."

అన్నాక నాకే సిగ్గేసింది. ఆ సిగ్గులో, ఉత్తర్వులూ పరాంకుశం గారూ ఏవీ గుర్తు రాక, నోటికొచ్చిన మాట అనేశాను.

"సోమవారం బ్యాంకుకి రండి. నేనే దగ్గరుండి అప్పు ఇప్పిస్తాను. తాతబ్బాయి బాకీ మొత్తం తీర్చి పారేద్దాం."

ఆవిడ కళ్ళల్లోకి వెలుగొచ్చింది. చట్నీ గిన్నె తీసుకుంది, రెండడుగులు వేసి ఆగింది, వెనక్కి తిరిగి నా శాలువా వంక అనుమానంగా చూసింది.

"మళ్ళీ చదువుతారాండీ?"

అబద్ధం చెప్పలేకపోయాను. "చదవాలమ్మా. ఇప్పుడు నూట ఇరవయ్యయ్యాయి."

మంగాయమ్మ గిన్నెతో సహా రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది.

"వద్దండి బాబూ. నేను తాతబ్బాయికే కట్టుకుంటానండి" అని, నా విస్తట్లో ఇంకో గరిటె చట్నీ వేసి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.